కందకంలో కొండ

కోట చుట్టూ కందకం మనకు కొత్త కాదు. వేలూరులో చదివి వచ్చినవాళ్లయితే నీళ్లు నిండిన కందకాన్నే చూసి ఉంటారు. కానీ కొండ చుట్టూ కందకం ఎక్కడైనా విన్నామా? ప్లూటో చుట్టూ తిరిగే షారన్ అనే చంద్రుడి మీద అలాంటిది ఒకటి ఉంది. చదునైన మంచు మైదానంలో పెద్ద గుంట, ఆ గుంట నడుమ కొన్ని కిలోమీటర్ల ఎత్తున లేచిన ఒంటరి కొండ. 2015 జులై 14న న్యూ హొరైజన్స్ నౌక సుమారు 79,000 కిలోమీటర్ల దూరం నుంచి తీసిన ఫొటోలో దాన్ని చూసి శాస్త్రవేత్తలే తెల్లబోయారు.

షారన్ మీద చలి సున్నాకు దిగువన 220 డిగ్రీల వరకు ఉంటుంది. అంత చలిలో నీటి మంచు రాయిలా గట్టిపడుతుంది. మరి గుంట ఎలా వచ్చింది? కొండ బరువుకు కింది నేల దిగబడిందని ఒక ఊహ. మనం కూర్చుంటే పరుపు చుట్టూ కుంగుతుంది కదా, అలాగ. మన భూమి మీద హవాయి దీవుల చుట్టూ సముద్రపు నేల ఇలాగే కుంగి ఉంది. ఇంకో ఊహ ప్రకారం, షారన్ లోపలి నుంచి అమ్మోనియా కలిసిన మంచు ద్రవం చిక్కటి దోసెపిండిలా పొంగి మైదానమంతా పరుచుకుంది, కొండ మొదలు దాకా రాకముందే గడ్డకట్టి ఆగిపోయింది. రెండో ఊహే మాకు ఎక్కువ నచ్చింది. అయితే ఏది నిజమో ఇంకా తేలలేదు.

ఈ కొండ గురించి మేం ఇక్కడ రాయడానికి అసలు కారణం వేరే ఉంది. న్యూ హొరైజన్స్ అక్కడ ఆగలేదు. 2006 జనవరిలో బయలుదేరి, తొమ్మిదిన్నరేళ్లు ప్రయాణించి, గంటకు దాదాపు 50,000 కిలోమీటర్ల వేగంతో ప్లూటోనీ షారన్‌నూ దాటి వెళ్లిపోయింది. ఆ వేగాన్ని తగ్గించి ఆగేంత ఇంధనం మోసుకెళ్లడం దాని వల్ల అయ్యే పని కాదు.

మన సంగతీ ఇంచుమించు అంతే. రెండేళ్లో మూడేళ్లో ఉంటాం, నాన్నకో అమ్మకో ఆర్డర్ వస్తుంది, టీసీ తీసుకుంటాం. అందుకే మనలో చాలామంది "ఎలాగూ వెళ్లిపోయేదేగా" అని క్వార్టర్స్ గేటు దాటరు. ఆ ఊరి భాషలో కూరగాయల బేరం కూడా నేర్చుకోరు. బయటివాళ్లేమో "రెండేళ్లకే ఊరేం తెలుస్తుంది?" అంటారు. మా ఉద్దేశంలో రెండు మాటలూ తప్పే.

ఆగడం కుదరదని తెలుసు కాబట్టే ఆ నౌకను నడిపినవాళ్లు ప్రతి నిమిషానికీ ముందే పని కేటాయించారు. 2013లోనే నౌకతో రిహార్సల్ కూడా చేయించారు. దగ్గరగా చూసింది కొద్ది గంటలే. అప్పుడు సేకరించిన సమాచారమంతా భూమికి చేరేసరికి 2016 అక్టోబరు వచ్చింది. మనకూ కొన్ని ఊళ్లు వదిలి వచ్చాకే అర్థమవుతాయి కదా!

ఇంకో విషయం కూడా గమనించాలి. నౌక బాగా చూసింది షారన్‌లో ఒక వైపే. రెండో వైపు ఫొటోలు దూరం నుంచి తీసినవి, మసగ్గా ఉంటాయి. దక్షిణ ధ్రువమైతే అప్పుడు చీకట్లో ఉంది. శాస్త్రవేత్తలు దీన్ని దాచలేదు. మనమేమో ఒక కాలనీలో రెండేళ్లుండి "ఆ రాష్ట్రం వాళ్లంతా ఇంతే" అనేస్తాం.

2018లో ఈ కొండకు సినీ దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ పేరు పెట్టారు. అదే షారన్ మీద శ్రీలంకలో స్థిరపడ్డ రచయిత ఆర్థర్ క్లార్క్ పేరుతో కొండలున్నాయి, రేవతి పేరుతో ఒక బిలం ఉంది. ఆ రేవతి మన బలరాముడి భార్యే. తండ్రితో బ్రహ్మలోకానికి వెళ్లి వచ్చేసరికి భూమ్మీద యుగాలు గడిచిపోయాయట, తెలిసినవాళ్లెవరూ మిగల్లేదట. పాత బడికి మళ్లీ వెళ్లి చూసిన మనవాళ్లకు ఆమె బాధ వేరే చెప్పనక్కర్లేదు.

మా కోరిక ఒకటే. ఈ పత్రికలో ప్రతి ఏటా ఒక పేజీ కేటాయించండి. టీసీ తీసుకునేవాళ్లు ఈ ఊళ్లో చూసినది అందులో రాసి వెళ్లాలి. చూడలేకపోయినది, అర్థం కానిది కూడా రాయాలి. కొత్తగా వచ్చేవాళ్లు అక్కడి నుంచి మొదలుపెడతారు.