సింగపూరు యాత్ర: చూడవలసినది ఏమి?

పూర్వం మన ఇండ్లలో యాత్ర అనగా తీర్థయాత్ర అనియే అర్థం. కాశీకో, అజ్మీరుకో, తిరుపతికో, అదృష్టం కలిసివస్తే హజ్జుకో పోయివచ్చిన వారిని వీధి మొదట ఎదురేగి తోడ్కొని వచ్చేవారు. విదేశాలను చూచి రావడం జమీందారులకు, నవాబులకు, పై చదువుల వారికి మాత్రమే తగిన పని అని అనుకొనేవారు. నేడు ఆ స్థితి మారినది. హైదరాబాదులో రాత్రి విమానం ఎక్కినవారు తెల్లవారేసరికి సింగపూరులో దిగుచున్నారు. ఉపాధ్యాయులు, చిన్న వర్తకులు, గుమాస్తాలు కూడా నాలుగైదు సంవత్సరాలు కూడబెట్టుకొని భార్యాబిడ్డలతో పోయివస్తున్నారు. ఇది సంతోషించవలసిన విషయమే. లోకం చూచినవాడికి తన బావి ఎంత లోతో తెలుస్తుంది.

అయితే తిరిగి వచ్చిన వారిని "ఏమి చూచినారు?" అని అడిగినప్పుడల్లా మాకు ఒక్కటే జవాబు వినవచ్చుచున్నది. సింహపు తల, చేప తోక గల తెల్లని మెర్లయన్ విగ్రహం ముందు ఒక ఛాయాచిత్రం. మూడు గోపురాలపై నావను నిలిపినట్లున్న మెరీనా బే శాండ్స్ భవనపు పై అంతస్తున మరొకటి. సెంతోసా ద్వీపంలో ఒక రోజు, రాత్రి సఫారీలో ఒక సాయంత్రం, తక్కిన కాలమంతా బజారులలో. చివరకు విమానాశ్రయంలో సంచుల బరువు గురించి తగాదా. మూడు రోజులలో ముప్పది స్థలాలు చూచి, ఒక్క మనిషితోనైనా మాట్లాడకుండా తిరిగి వచ్చేవారే ఎక్కువ.

ఆ వింతలు చూడదగినవి కావని మేము అనడం లేదు. సముద్రాన్ని పూడ్చిన నేలపై 2012లో తెరచిన గార్డెన్స్ బై ద బే ఉద్యానవనం, చాంగీ విమానాశ్రయంలో 2019లో ఏర్పరచిన నలభై మీటర్ల జలపాతం మానవుని నేర్పుకు సాక్ష్యాలు. వృక్షశాస్త్రం, ఇంజనీరింగు చదివే మన విద్యార్థులు అక్కడ నేర్వవలసినది చాలా ఉన్నది. చిన్నపిల్లల సంతోషాన్ని కాదనే హక్కు కూడా ఎవరికీ లేదు. మా ఆక్షేపణ ఒక్కటే. ఆ జలపాతానికి, ఆ మూడు గోపురాల భవనానికి రూపకల్పన చేసినది మోషే సఫ్దీ అను ఒకే వాస్తుశిల్పి. ఆయన పేరు పుస్తకాలలో ఉన్నది. ఇనుము మోసిన వారి పేర్లు, కాంక్రీటు పోసిన వారి పేర్లు ఏ పుస్తకంలో ఉన్నవి? నగరాన్ని చూడడమంటే దాని ఎత్తును చూడడం కాదు, దానిని ఎత్తిన చేతులను చూడడం అని మా అభిప్రాయం. సింగపూరులో ఆ చేతుల జాడలు నేటికీ చెరిగిపోలేదు. వెదికేవారే కరువు.

మొదట తెలోక్ ఆయర్ వీధికి పోదాము. మలయ్ భాషలో ఆ పేరుకు నీటి అఖాతమని అర్థం. నేడు అక్కడ నిలబడి చూస్తే నీటి జాడ లేదు, నలుదిక్కులా ఆకాశహర్మ్యాలే. కాని పందొమ్మిదవ శతాబ్దంలో సముద్రపు అలలు ఆ వీధి అంచునే తాకేవి. తరువాత సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయారు, వీధి ఒడ్డుకు దూరమైనది. నావ దిగి ప్రాణాలతో బయటపడిన ప్రతి వలసకూలీ మొట్టమొదట చేసినది తన దైవానికి కృతజ్ఞత చెప్పుకోవడం. అందుకే ఆ ఒక్క వీధిలోనే చోళమండల తీరపు ముస్లిములు నాగూరు షాహుల్ హమీద్ వలీ స్మారకంగా 1828-30 నడుమ నిర్మించిన దర్గా ఉన్నది. దానికి చేరువలోనే చైనీయులు సముద్రదేవతకు 1842 నాటికి పూర్తిచేసిన థియాన్ హోక్ కెంగ్ ఆలయం ఉన్నది. మరికొన్ని అడుగుల దూరంలో అల్ అబ్రార్ మసీదు ఉన్నది. అది మొదట పూరిపాక. నేటికీ తమిళ ముస్లిములు దానిని కుచ్చు పళ్ళి, అనగా గుడిసె మసీదు అని పిలుస్తారు. పక్కా కట్టడం లేచిన తరువాత కూడా గుడిసె పేరును వదలుకోని ఆ జనుల వినయం మనకు ఆదర్శప్రాయం.

అక్కడి నుండి కొద్ది నిమిషాల నడకలో సౌత్ బ్రిడ్జి రోడ్డు వస్తుంది. అది చైనీయుల పేట. 1822లో రాఫెల్స్ దొర నగరానికి వేయించిన ప్రణాళిక ఒక్కొక్క జాతికి ఒక్కొక్క పేటను కేటాయించినది. కాని నక్షా మీది గీతలకు మనుషులు ఎన్నడూ పూర్తిగా లోబడరు. ఆ చైనీయుల పేట నడిబొడ్డుననే 1826లో చూలియాలు, అనగా తమిళ ముస్లిములు, స్థాపించిన జామియా మసీదు ఉన్నది. ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1827లో, నారాయణ పిళ్ళై స్థాపించిన మారియమ్మన్ ఆలయం అదే వరుసలో ఉన్నది. మసీదు పేరుతో ఒక అడ్డవీధి, గుడి పేరుతో మరొక అడ్డవీధి నేటికీ ఉన్నవి. రెండు వందల సంవత్సరాలుగా అజాన్, గుడిగంట ఒకే గాలిలో వినబడుచున్నవి.

కాంపాంగ్ గ్లామ్‌లోని సుల్తాన్ మసీదును చూడని యాత్రికుడు అరుదు. బంగారు వన్నె గుమ్మటం దూరం నుండియే కనబడుతుంది. అందరూ తల ఎత్తి గుమ్మటాన్ని చూస్తారు, దాని అడుగు భాగాన్ని చూడరు. అక్కడ నల్లని పట్టెవలె మెరిసేది రాయి కాదు, లోహం కాదు, గాజు సీసాల అడుగులు. మసీదును పునర్నిర్మించినప్పుడు ధనికులు ధనం ఇచ్చారు. చందా ఇవ్వలేని బీదలు ఖాళీ సీసాలు తెచ్చి ఇచ్చారు. నిర్మాతలు వాటిని మూలన పారవేయలేదు, గుమ్మటానికే పీఠంగా కూర్చారు. ఎంతటి ఔచిత్యం! బీదవాని కానుక మీద బంగారు గుమ్మటం నిలిచి ఉన్నది. వేయి ఉపన్యాసాలు చెప్పలేని నీతిని ఆ సీసాల వరుస చెప్పుచున్నది.

అటుపిమ్మట సెయింట్ ఆండ్రూస్ కెథీడ్రల్. పాలవలె తెల్లగా మెరిసే ఆ చర్చిని 1856 నుండి కొన్ని సంవత్సరాలు శ్రమించి కట్టినది భారతదేశం నుండి ద్వీపాంతర శిక్షపై వచ్చిన ఖైదీలు. ఆ గోడల నునుపు మద్రాసు గచ్చు వలన వచ్చినది. గవ్వసున్నంలో కోడిగ్రుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి, కొబ్బరిపీచు నానిన నీటితో మెత్తగా నూరి పూసే ఆ విద్య మన ప్రాంతాల తాపీపనివారికి తరతరాలుగా తెలిసినదే. ఆనాటి మద్రాసు రాజధానిలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా చేరి ఉండేవి. సంకెళ్ళతో దిగిన చేతులు ఒక నగరానికి ప్రార్థనామందిరాన్ని కట్టి ఇచ్చినవి. ఆ గోడ ముందు నిలబడిన భారతీయుడు దానిని పరాయి కట్టడమని ఎట్లు అనగలడు?

కెథీడ్రల్‌కు చేరువలోనే పడాంగ్ అను విశాలమైన మైదానం ఉన్నది. 1943 జులై 5న నేతాజీ సుభాష్ చంద్రబోసు ఆజాద్ హింద్ ఫౌజు గౌరవవందనం స్వీకరించినది ఇక్కడనే. అదే సంవత్సరం అక్టోబరు 21న కేథే భవనంలో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించినారు. ఆ ఉద్యమంలో మన హైదరాబాదు బిడ్డ ఆబిద్ హసన్ సఫ్రానీ ఉన్నాడు. జలాంతర్గామిలో నేతాజీకి తోడుగా నెలల తరబడి ప్రయాణించినవాడు ఆయన. "జై హింద్" అను అభివాదానికి రూపం ఇచ్చినదీ ఆయనే అని చెప్పుకుంటారు. మైదానం పక్కన నేతాజీ 1945 జులైలో శంకుస్థాపన చేసిన అమరవీరుల స్మారకాన్ని తిరిగివచ్చిన బ్రిటిష్ సేనలు కూల్చివేసినవి. ఆ స్థలాన్ని తెలియజేస్తూ 1995లో ఒక ఫలకం నెలకొల్పినారు. మెర్లయన్ విగ్రహం నుండి అది నడక దూరమే. అయినను అక్కడ ఆగే మనవారు ఎందరు?

ఆహారం విషయమై ఒక మాట. అక్కడి హాకర్ సెంటర్ అనగా వీధివర్తకుల దుకాణాలను ఒక్క కప్పు క్రింద చేర్చిన భోజనశాల. 2020లో యునెస్కో దానిని మానవజాతి సాంస్కృతిక సంపదగా గుర్తించినది. చైనా నూడుల్సు, మలయ్ సాతే, తమిళుల దోసె, ముస్లిముల ముర్తబా పక్కపక్కన అమ్ముతారు. ఎవరి భోజనం వారు తెచ్చుకొని ఒకే బల్ల వద్ద కూర్చుంటారు. తిన్న పళ్ళెం తామే తీసుకొనిపోయి పెట్టవలెను. హలాల్ పళ్ళేలకు వేరు అర, తక్కిన వాటికి వేరు అర. ఒకరి నియమాన్ని మరొకరు గౌరవించడమంటే తన నియమాన్ని వదలుకోవడం కాదని ఆ రెండు అరలు నేర్పుచున్నవి.

ఇక ఆదివారం సాయంత్రం సెరంగూన్ రోడ్డుకు, టెక్కా బజారు పరిసరాలకు తప్పక పోవలెను. వారమంతా కట్టడాల వద్ద, ఓడల మరమ్మతు కేంద్రాలలో పనిచేసే వేలాది భారతీయ, బంగ్లాదేశీ కార్మికులు ఆనాడు అక్కడకు చేరుతారు. ఇంటికి డబ్బు పంపుతారు, స్వగ్రామపు వార్తలు పంచుకొంటారు. 2020లో మహమ్మారి వ్యాపించినప్పుడు ఇరుకు వసతిగృహాలలో ఉన్న ఈ వలసకార్మికులే అందరికన్న ఎక్కువగా దాని వాత పడినారు, నెలల తరబడి బయటకు రాలేకపోయినారు. మన యాత్రికులు ఆ వీధిలోనే బంగారం, సుగంధద్రవ్యాలు కొంటారు, కాని ఆ మనుషులను తప్పించుకొని పోతారు. గల్ఫు దేశాలలో ఇదే బ్రతుకు బ్రతుకుచున్న అన్నదమ్ములు, తండ్రులు మనలో ఎందరికో ఉన్నారు. వారు ఉన్న నగరానికి వచ్చిన యాత్రికుడు వారి పక్క నుండి ముఖం తిప్పుకొని పోతే మన మనస్సుకు ఎట్లుండును? ఒక్క పలకరింపు, "ఏ ఊరు తమ్ముడూ?" అను ఒక్క ప్రశ్న ఖర్చు లేని పని. ఏ గోపురం పైనుండి కనబడని సింగపూరు ఆ జవాబులో కనబడుతుంది.

"కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో నాలుగు రోజులు వినోదానికి పోతే అక్కడ కూడా చరిత్ర పాఠమా?" అని కొందరు అనవచ్చు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాని మేము చెప్పిన వీధులలో నడవడానికి రుసుము లేదు. అవన్నీ నగర రైలు స్టేషన్లకు చేరువలో ఉన్నవి. మూడు రోజులలో రెండు రోజులు వినోదానికి, ఒక్క రోజు నడకకు ఇచ్చినా చాలును. ప్రార్థనామందిరాలలో చెప్పులు విప్పవలెను, ఒళ్ళు కప్పుకొనవలెను. ప్రార్థించేవారి ముఖాన కెమెరా పెట్టరాదు. ఈ మర్యాదలు మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఆ నగరం స్వర్గమని కూడా మేము చెప్పబోవడం లేదు. 1964 జులై 21న, మహాప్రవక్త జన్మదినపు ఊరేగింపునాడు, మలయ్‌లకు చైనీయులకు మధ్య చెలరేగిన అల్లర్లలో రక్తం ప్రవహించినది. ఆ గాయాన్ని వారు దాచలేదు. అదే తేదీని నేడు పాఠశాలలలో జాతుల సామరస్య దినంగా జరుపుచున్నారు. ప్రభుత్వపు గృహసముదాయాలలో ఏ జాతివారూ ఒకేచోట గుమికూడకుండా 1989లో నిబంధన చేసినారు. ఈ కట్టుబాట్లలో కఠినత్వం ఉన్నదని విమర్శించేవారు ఉన్నారు, ఆ విమర్శ ఆలోచింపదగినదే. చట్టం ఇద్దరిని ఇరుగుపొరుగున కూర్చోబెట్టగలదు, వారి మధ్య మాట పుట్టించలేదు. చట్టాలు పుట్టక పూర్వమే, 1827 నాటికే, గుడి మసీదు ఒకే వరుసలో నిలిచినవి. ఆ పని చేసినది శ్రమజీవులు. వారికి పక్కవాని దైవం అడ్డుగా తోచలేదు.

మన కళాశాల ఉర్దూ, తెలుగు రెండింటి నీడలో పెరిగినది. ఈ పత్రికలో కుడి నుండి ఎడమకు సాగే అక్షరాలు, ఎడమ నుండి కుడికి సాగే అక్షరాలు ఒకే కుట్టుతో నిలిచి ఉన్నవి. ఇటువంటి సంస్థ విద్యార్థులు యాత్రికులైనప్పుడు చూడవలసిన చూపు వేరుగా ఉండవలెనని మా ఆశ. కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ప్రతి సంవత్సరం జరిపే విహారయాత్ర దగ్గరి ఊరికైనను సరే, బయలుదేరే ముందు ఆ ఊరిని కట్టినవారెవరో విద్యార్థులచే చదివించండి. తిరిగి వచ్చిన తరువాత ప్రతివారిచే ఒక్క పుట వ్రాయించండి. భవనం గురించి కాదు, అక్కడ కలిసిన ఒక్క మనిషి గురించి. ఉత్తమమైన వాటిని రెండు భాషలలోను ఈ పత్రికలో ప్రకటించండి.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మీలో కొందరు రేపు యాత్రికులుగా సింగపూరులో దిగుతారు, మరికొందరు పనివారుగా దిగుతారు. యాత్రికులై పోయినవారు పనివారిని గుర్తించండి. పనివారై పోయినవారు మీరు నిలబెట్టిన గోడను తలవంచక చూడండి. సుల్తాన్ మసీదు గుమ్మటం క్రిందికి చేరినప్పుడు మాత్రం ఇరువురూ ఒక్క క్షణం ఆగి, బంగారాన్ని కాక, దాని క్రింద ఉన్న సీసాల వరుసను లెక్కించండి.