సంపాదకుని మాట: పసిబిడ్డకు పనిచేసిన మందు

1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు పాట్రిక్ నెలలు నిండకుండా పుట్టి, ఊపిరి సరిగా అందక 39 గంటలే బతికాడు. ఊపిరితిత్తుల్లోని గాలితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే పల్చని పొర సర్ఫాక్టెంట్. అలాంటి బిడ్డల్లో అది చాలదని మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ 1959లోనే చెప్పారు. కానీ మందు లేదు. 1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తయారుచేసిన సర్ఫాక్టెంట్‌ను పదిమంది పసికందుల శ్వాసనాళంలో పోశాడు. వాళ్లు తేరుకోవడం చూసి ప్రపంచమే ఊపిరి పీల్చుకుంది.

అదే మందు పెద్దలకెందుకు పనికిరాదు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. రక్తంలో ఇన్ఫెక్షన్ ముదిరి ఊపిరితిత్తులు దెబ్బతిన్న 725 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 1996లో వచ్చాయి. కృత్రిమ సర్ఫాక్టెంట్‌ను తుంపరలుగా పీల్పించారు. 30 రోజుల్లో మరణాలు మందు అందినవారిలోనూ, అందనివారిలోనూ ఒకేలా 41 శాతం. తుంపరలో లోతుకు చేరింది బహు స్వల్పం. పైగా బిడ్డలో ఉన్నది లేమి. పెద్దల్లో ఉన్నది వాపు. రక్తనాళాల నుంచి కారే ప్రోటీన్లు, పోసిన మందునూ పాడుచేస్తాయి. ఆ పరీక్షను వృథా అనడానికి నా మనసు ఒప్పదు. ఎంత మందు, ఏ దారిన, ఏ దశలో అన్న ప్రశ్నలు అక్కడే పదునెక్కాయి. ఈ సంచిక ముఖ్య వ్యాసం వాటి గురించే.