బీరువాలో బందీయైన కళాచరిత్ర

చిత్రము గోడకెక్కును, దానిని గురించిన కాగితము బీరువాలోనికి పోవును. చిత్రమును చూచుటకు పదిమంది వత్తురు. కాగితమును వెదకికొని వచ్చునది చెదపురుగు మాత్రమే. ప్రదర్శనల ఆహ్వానపత్రములు, చిత్రముల పట్టికలు, ఉత్తరములు, చిత్తుగీతలు, పాతపత్రికలలోని సమీక్షలు కళాఖండములు కావు. కాని ఇవి లేనిదే ఏ చిత్రము ఎప్పుడు, ఎట్టి పరిస్థితులలో పుట్టినదో చెప్పజాలము.

దామెర్ల రామారావుగారి సంగతి చూడుడు. 1897లో పుట్టి 1925లో మశూచికమునకు బలియైన ఆ చిత్రకారునికి ఇరువదియెనిమిది యేండ్లైనను నిండలేదు. ఆయన ప్రతిభను గుర్తించినవాడు రాజమహేంద్రవరము కళాశాల ప్రిన్సిపాలుగానున్న ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే. చదివినది బొంబాయి జె.జె. స్కూలులో. శిష్యులను తీర్చినది గోదావరి గట్టున. సోదరి బుచ్చికృష్ణమ్మగారు, భార్య సత్యవాణిగారు కూడ చిత్రకారిణులే. వరదా వెంకటరత్నముగారివంటి మిత్రుల పూనిక వలన ఆయన చిత్రములు రాజమహేంద్రవరమున ఆయన పేరిటి చిత్రశాలలో నిలిచినవి. కాని ఇట్టి జీవితమునకు సంబంధించిన కాగితములన్నియు ఒక్క ఊరిలోనే దొరకునని అనుకొనుట ఎట్లు? ఇంగ్లండు, బొంబాయి, గోదావరీతీరము, ఈ మూడింటిని ఒక్కచోట చేర్చగల బీరువా లేదు. ఆ పని నేడు ఇంటర్నెట్ చేయగలదు.

కావున కళాపత్రములు గలవారు ఎవరికివారే వాటిని స్కాన్ చేసి, అందరును ఉచితముగా చూచునట్లు ఇంటర్నెట్‌లో ఉంచవలెనని నా అభిప్రాయము. 2000లో హాంకాంగున వెలసిన ఏషియా ఆర్ట్ ఆర్కైవ్ ఇట్టి పనిని సంస్థాగతముగా చేయుచున్నది. సంస్థ పూనుకొనువరకు కాగితము ఆగదు. వ్యక్తి తనకు చేతనైనంత చేయవలెను.

"ముప్పదియేండ్లు నేను కూర్చినది ఇతరులు ఊరక వాడుకొందురా?" అని కొందరందురు. ఆ బాధ అర్థము కానిది కాదు. అయితే దాచిన సేకరణకు పేరు రాదు, ప్రకటించినదానికే వచ్చును. ఫలానావారి సేకరణలోనిది అని తేదీతోసహా నలుగురి యెదుట నిలిచిన పత్రమును తనదని చెప్పుకొనుట ఎవరికిని సులభము కాదు.

ఉదారతకు హద్దులును గలవు. కాగితము మన చేతనున్నంత మాత్రమున దానిలోని రచనపై హక్కు మనది కాదు. ఉత్తరముపై హక్కు వ్రాసినవారిది, అందుకొన్నవారిది కాదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము సాధారణముగా కర్త మరణించిన తరువాత 60 ఏండ్లవరకు ఆ హక్కు నిలుచును. హక్కుదారుల అనుమతి అడుగవలెను. జీవించియున్నవారి ఇంటిగుట్టును వీధికెక్కించుట పరిశోధన కాదు.

పత్రమును ఉంచుట యొక్కటే చాలదు. ఎవరు వ్రాసినది, ఎన్నడు, ఎవరివద్ద దొరికినది అను మూడు మాటలును వెంట నుండవలెను. కాగితము వెనుకవైపును కూడ స్కాన్ చేయవలెను. తేదీ తరచుగా అక్కడనే ఉండును. వివరము లేని పత్రము చిరునామా లేని ఉత్తరము వంటిది. ప్రతులును ఒక్కచోట నుండరాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఎన్నో తెలుగు గ్రంథములను స్కాన్ చేయించినది. తరువాత ఆ సైటు మూతపడినది. వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులో కూడ చేరియుండుటచేతనే అనేక గ్రంథములను నేటికిని చదువగలుగుచున్నాము. పంచినది బ్రతికినది!

ఈ పనికి పాఠశాలకన్న తగిన తావు లేదు. ప్రతి ఊరిలోను పదవీవిరమణ చేసిన డ్రాయింగు మాష్టారో, నాటకములకు తెరలు వ్రాసిన చిత్రకారుడో ఉండును. విద్యార్థులు వారి యింటికి పోయి, వినయముగా అడిగి, ఒక్కొక్క కాగితమును చేతిఫోనుతో చిత్రము తీసి, వివరము వ్రాసికొనవచ్చును. ఉపాధ్యాయుడు పక్కనుండి తప్పులు దిద్దవలెను. చరిత్రను చదువుటయే గాక, దానిని నిలుపుటయు చదువులో భాగమే. చెదపురుగు సెలవుదినములు పాటింపదు. మనము జాప్యము చేయరాదు.