చిత్రగుప్తుని చిట్టా

నా బ్లాగుకు వచ్చే మిత్రుల్లో అధికులు ఏ పద్యం కోసమో, పాత పుస్తకం ముచ్చట కోసమో వస్తారు. ఈసారి నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పుకోవాలనిపించింది. పాతికేళ్ళుగా నేను మెయిన్‌ఫ్రేము డేటాబేసుల నిర్వహణతో పొట్టపోసుకుంటున్నవాణ్ణి. సాంకేతిక విషయమని బెదరకండి. ఇందులో యంత్రం గురించి కన్నా మనిషి గురించిన సంగతే ఎక్కువ.

మెయిన్‌ఫ్రేము కాలం చెల్లిన యంత్రమని చాలామంది అనుకుంటారు. ఐబీఎం 1964లో సిస్టం/360ని ప్రకటించింది మొదలు ఆ వంశం తెగకుండా సాగుతూనే ఉంది. అపోలో చంద్రయాత్రకు కావలసిన విడిభాగాల పట్టికలను సంబాళించడానికి పుట్టిన ఐఎమ్మెస్ 1968 ఆగస్టులో కాలిఫోర్నియాలో తొలిసారి పని మొదలుపెట్టింది. 1983లో డీబీ2 వచ్చింది. పెద్ద బ్యాంకుల, బీమా సంస్థల లెక్కలు నేటికీ చాలావరకు ఈ రెండింటి కడుపులోనే ఉన్నాయి. వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో కోబాలు, జేసీఎల్ నేర్చుకుని విమానమెక్కిన కుర్రాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మా యంత్రం దుర్భేద్యమని మావాళ్ళకొక నమ్మకం. ఆ నమ్మకం పూర్తిగా నిరాధారం కాదు. 1976 నుంచీ రాక్ఫ్ అనే ద్వారపాలకుడు ఉన్నాడు. ఏ ఫైలును ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్నది అతడే తేలుస్తాడు. అయితే 2012లో స్వీడనులో లాజికా అనే సంస్థ మెయిన్‌ఫ్రేములోకి చొరబడినవారు ఆ ద్వారపాలకుని దగ్గరున్న పాస్‌వర్డుల భాండారాన్నే దించుకుపోయి తీరిగ్గా విప్పుకున్నారు. అదే ఏడాది డెన్మార్కులో సీఎస్సీ అనే సంస్థ నడిపే మెయిన్‌ఫ్రేములోనూ దొంగలు పడ్డారు. డ్రైవింగ్ లైసెన్సుల రిజిస్టరు వంటివి వాళ్ళకు అందుబాటులోకి వచ్చాయి. పైరేట్ బే స్థాపకుల్లో ఒకరికి ఈ రెండు కేసుల్లోనూ, 2013లో స్వీడనులో, 2014లో డెన్మార్కులో శిక్షలు పడ్డాయి. నన్ను కలవరపెట్టింది చొరబాటు కాదు. తమ ఇంట్లో దొంగలు పడిన సంగతి డెన్మార్కువారికి నెలల తరువాత, స్వీడను పోలీసులు చెబితే గాని తెలియలేదు. తాళం ఉంది, తాళం తీసినవాడి జాడను చూసే కన్ను లేదు.

బయటి దొంగ సంగతే ఇలా ఉంటే, తాళంచెవి చేతికిచ్చి లోపల కూర్చోబెట్టిన మాబోటివాళ్ళ మాటేమిటి?

ఇక నా కథ. 2003 ప్రాంతం. అమెరికాలో ఒక బ్యాంకులో రాత్రి విధులు. బ్యాంకు పేరు అనవసరం. నాకు డీబీ2లో సిస్యాడం అధికారం ఉండేది. అంటే ఏ పట్టికనైనా తెరిచి చూడగల అధికారం. నేను అద్దెకున్న ఇంటి యజమానికి ఆ బ్యాంకులోనే ఖాతా. అంతకు వారం ముందే, తనకు రోజులు గడవడం కష్టంగా ఉందని చెప్పి అద్దె పెంచాడు. ఆ రాత్రి ఒక పెద్ద పట్టికకు రీఆర్గ్ నడుస్తోంది. అది ముగిసేదాకా నాకు పని లేదు. నాలుగు వరుసల సెలెక్టు రాశాను. అంకె కనబడింది. అదెంతో ఇక్కడ చెప్పను. చెబితే అదే తప్పు రెండోసారి చేసినట్టు.

మరునాడు మెట్ల దగ్గర ఆయన నవ్వుతూ పలకరిస్తే తలెత్తలేకపోయాను. ఆఫీసులో ఎవరో ఒకరు పిలిచి అడుగుతారని పదిహేను రోజులు బిక్కుబిక్కుమంటూ గడిపాను. ఎవరూ అడగలేదు. అడగడానికి ఎవరికీ తెలిస్తే కదా! డీబీ2లో ఆడిట్ ట్రేసు అనే సదుపాయం ఉంది. ఫలానా పట్టికను ఎవరు చదివారో, ఎవరు మార్చారో రాసి పెడుతుంది. మా దగ్గర దాన్ని ఆపి ఉంచారు. అది నడిస్తే ప్రాసెసరు సమయం ఖర్చవుతుంది, మెయిన్‌ఫ్రేము లోకంలో ఆ సమయానికి డబ్బు కట్టాలి. అంతే కారణం.

మరుసటి ఏడాది ఒక ఖాతాదారు వివరాలు బయటికి పొక్కాయి. అంతటి అధికారం ఉన్నవాళ్ళం ముగ్గురం. ఆ రాత్రి విధుల్లో ఉన్న సహోద్యోగి మీద అనుమానం వాలింది. తాను చూడలేదని ఆయన మొత్తుకున్నాడు. చూడలేదని చూపించే కాగితం ముక్క ఒక్కటి లేదు. అభియోగమేదీ మోపలేదు. కాంట్రాక్టు ముగిశాక పొడిగించలేదు, అంతే. ఆయన కుటుంబంతో సహా పెట్టేబేడా సర్దుకున్నాడు.

అప్పుడు నేను ఒక మాట చెప్పి ఉండవలసింది. ‘ఈ వ్యవస్థలో ఎవరు ఏ రాత్రి ఏం చూసినా జాడ ఉండదు, కనుక ఈయన ఒక్కడినే అనుమానించడం అన్యాయం’ అని. ఆ మాట నాకెలా తెలుసని అడుగుతారేమోనన్న భయంతో నోరు విప్పలేదు. తప్పు చేసిన నేను నిలిచాను, చేయలేదని నేను నమ్మిన మనిషి వెళ్ళిపోయాడు. రెంటికీ మూలం ఒక్కటే, చిట్టా లేకపోవడం.

అందుకే నా అభిప్రాయం ఇది. డేటాబేసును కాపలా కాసేవారి మీద నిఘా ఉండాలని అందరికన్నా ముందు అడగవలసినవాళ్ళం మేమే. ఆ చిట్టా చిత్రగుప్తుడి చిట్టాలా ఉండాలి. ఆయన చిట్టాకు మూడు లక్షణాలున్నాయి.

మొదటిది, ఏదీ వదలకుండా రాయడం. డీబీ2 వారి పాత ఆడిట్ ట్రేసు ఒక లావాదేవీలో మొదటి చదువునే రాస్తుంది. తరువాత ఎన్నిసార్లు చూసినా దానికి పట్టదు. పైగా డీబీ2 గుమ్మం తొక్కకుండా, దాని అడుగున ఉన్న ఫైలునో, బ్యాకప్పు ప్రతినో నేరుగా చదివితే ఆ ట్రేసుకు తెలియనే తెలియదు. కనుక రాక్ఫ్ రాసే నమోదులు కూడా తోడుండాలి.

రెండవది, ఎవరి గురించి రాస్తున్నామో వారి చేతిలో ఆ పుస్తకం ఉండకపోవడం. నా రోజుల్లో ట్రేసును మొదలుపెట్టే ఆజ్ఞా, ఆపే ఆజ్ఞా రెండూ మా గుప్పిట్లోనే ఉండేవి. 2010లో వచ్చిన డీబీ2 పదో వెర్షను భద్రతాధికారిని సిస్యాడం నుంచి వేరుచేసే వీలు కల్పించింది. అయితే ఎవరో పూనుకుని మార్చితే తప్ప ఆ మీట ‘వద్దు’ మీదే ఉంటుంది. నమోదులను వెంటనే వేరే యంత్రానికి, వేరే శాఖకు పంపడం ఇంకా మేలు.

మూడవది అన్నింటికన్నా ముఖ్యం. చిత్రగుప్తుడు రాసింది యముడు చదువుతాడు. మా దగ్గర రాత్రికి లక్షల నమోదులు టేపులకెక్కి అటకమీద చేరేవి, చదివే నాథుడు లేడు. చదవని చిట్టా లేని చిట్టాతో సమానం.

2017లో వచ్చిన జెడ్14 యంత్రం సమస్తాన్నీ సంకేతాక్షరాల్లో దాచగలదని, ఇక చింత లేదని కొందరంటారు. డిస్కును ఎత్తుకుపోయేవాడికి అది అడ్డమే. అధికారంతో లోపలికి వచ్చినవాడికి మాత్రం డీబీ2యే మర్యాదగా విప్పి చూపిస్తుంది. ఆ రాత్రి నన్ను అది ఆపేది కాదు.

‘అయితే మమ్మల్ని నమ్మరా?’ అని నా వృత్తివాళ్ళు కినుక వహిస్తారు. బ్యాంకులో క్యాషియరు ప్రతి సాయంత్రం నగదు సరిచూసి అప్పగిస్తాడు. దాన్ని ఎవరూ అవమానమనుకోరు. లెక్క సరిపోయిందన్న సంతకమే అతడికి రక్ష. మనిషి ఎన్నిసార్లు టీ తాగాడో, ఎంతసేపు కుర్చీలో ఉన్నాడో కాపు కాయమనడం లేదు. ఇతరుల బతుకు వివరాలను ముట్టుకున్న ప్రతిసారీ ఆ ముట్టుకోవడాన్ని రాయమంటున్నాను.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టడం అటుంచి, ఇంట్లో దొర ఎవరో చెప్పడానికైనా ఒక చిట్టా కావాలి. ఆ సహోద్యోగి ఈ టపా చదువుతాడని అనుకోను. చదివితే మాత్రం, ఇరవయ్యేళ్ళు ఆలస్యమైనా, ఇది నా క్షమాపణ.