బ్రూస్ లీ నటుడు

చనిపోయి యాభై ఏళ్లు దాటినా "నిజంగా కొట్టగలడా, లేదా?" అని జనం ఇంకా తన్నుకుంటున్న సినిమా హీరో బ్రూస్ లీ. మహమ్మద్ అలీతో పెడితే ఎవరు గెలుస్తారు? ఇవాళ యూఎఫ్‌సీ బోనులోకి దింపితే ఎన్ని రౌండ్లు నిలబడతాడు? ఈ వాదన ఎటు తేలినా ఓడిపోయేది మాత్రం అతనిలోని నటుడే. గెలుస్తాడనేవాళ్లు "ఆయన యాక్టింగ్ చెయ్యలేదు బాస్, నిజంగానే కొట్టాడు" అంటారు. ఓడిపోతాడనేవాళ్లు "అదంతా ఉత్త యాక్టింగ్" అంటారు. రెండు పక్షాలూ ఒప్పుకునే విషయం ఒక్కటే: నటన అంటే దొంగసరుకు.

2019లో టరాంటినో 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ హాలీవుడ్'లో బ్రూస్ లీని గొప్పలు చెప్పుకునే మనిషిగా చూపించి, బ్రాడ్ పిట్ చేత కారుకేసి కొట్టించినప్పుడు కూడా గొడవ ఇదే. లీ కూతురు షానన్ బాధపడింది, అందులో న్యాయం ఉంది. కానీ మిగతా ప్రపంచం ఏం అడిగింది? ఆ స్టంట్‌మన్ చేతిలో లీ నిజంగా దెబ్బతినేవాడా అని. ఆ సీన్‌లో లీ ఒక టీవీ సీరియల్ సెట్లో, తన పాత్ర దుస్తుల్లో ఉన్నాడు. అంటే ఉద్యోగానికి వచ్చిన నటుడు. ఆ సంగతి దర్శకుడికీ పట్టలేదు, తిట్టినవాళ్లకీ పట్టలేదు.

నా వాదన సూటిగా చెప్తాను. బ్రూస్ లీ ముందు నటుడు, ఆ తర్వాతే ఫైటర్. ఇది అతన్ని తగ్గించడం అనిపిస్తే, నటన మీద మన అభిప్రాయాన్నే అనుమానించాలి.

వరస చూడండి. తండ్రి లీ హోయ్ చూన్ కాంటనీస్ ఒపేరా నటుడు. ఆ నాటక బృందం అమెరికా తిరుగుతుండగా 1940లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ పిల్లాడు పుట్టాడు. నెలల పసికందుగానే 'గోల్డెన్ గేట్ గర్ల్'లో కనిపించాడు. 1950లో 'ది కిడ్'లో ముఖ్యపాత్ర వేశాడు. ఇప్ మాన్ దగ్గర వింగ్ చున్ మొదలుపెట్టింది ఆ తర్వాత. 1959లో అమెరికా ఓడ ఎక్కేనాటికి ఇరవై దాకా సినిమాలు చేసేశాడు. అంతకు ముందు ఏడాదే హాంకాంగ్ చా-చా డాన్సు పోటీ గెలిచాడు. వాషింగ్టన్ యూనివర్సిటీలో చదివింది డ్రామా.

ఇప్పుడు ఫైటర్ ఖాతా తెరుద్దాం. ప్రొఫెషనల్ పోటీలు: సున్నా. స్కూలు రోజుల్లో ఒక బాక్సింగ్ గెలుపు ఉంది. ఓక్లాండ్‌లో వాంగ్ జాక్ మాన్‌తో తలుపులు మూసుకుని జరిగిన ఒక కొట్లాట ఉంది. అది మూడు నిమిషాల్లో ముగిసిందా, ఇరవై నిమిషాలు సాగిందా అన్నదాని మీదే చూసినవాళ్లకు ఏకాభిప్రాయం లేదు. ఇక 1964 లాంగ్ బీచ్ కరాటే పోటీల సంగతి. అక్కడ అతను పోటీ చెయ్యలేదు, ప్రదర్శన ఇచ్చాడు. ఆ ప్రదర్శన చూసిన జే సెబ్రింగ్ అనే హెయిర్ స్టైలిస్ట్ నిర్మాత విలియం డోజియర్‌కి అతని గురించి చెప్పాడు. స్క్రీన్ టెస్ట్ జరిగింది. 'ది గ్రీన్ హార్నెట్'లో కాటో పాత్ర అలా వచ్చింది. అతని పోరాట జీవితంలో పేరుమోసిన రోజు కూడా చివరికి ఒక ఆడిషన్‌గా తేలింది.

"మరి జీత్ కున్ డో? అంతమంది శిష్యులు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. పోరాటం గురించి అతనంత లోతుగా ఆలోచించినవాళ్లు తక్కువ. జో లూయిస్ లాంటి కరాటే ఛాంపియన్ అతని దగ్గర నేర్చుకున్నాడు. గురువుగా, ఆలోచనాపరుడిగా అతని స్థానం ఎవరూ తియ్యలేరు. కానీ నా వాదనకి అసలు బలం జీత్ కున్ డో నుంచే వస్తుంది.

జీత్ కున్ డో ఏం చెప్తుంది? అనవసరమైన కదలిక వద్దు. కొట్టబోతున్నట్టు ఎదుటివాడికి తెలియనివ్వొద్దు. దగ్గర్లో దొరికిన మోకాలినో, ముంగాలినో తన్ను. పని త్వరగా ముగించు. ఇప్పుడు తెరమీద బ్రూస్ లీని గుర్తుచేసుకోండి. చొక్కా విప్పుతాడు. కండరాలు ఒక్కొక్కటిగా బిగిస్తాడు. బొటనవేలితో ముక్కు తుడుచుకుంటాడు. కేక పెడతాడు. తలకంటే ఎత్తుకి కాలు లేపుతాడు. కొట్టాక ఆగి, వణికే పిడికిలితో, దుఃఖమో కోపమో తెలియని మొహంతో నిలబడతాడు. ఇందులో సగం తన క్లాసులో ఎవరైనా చేస్తే అతనే తిట్టేవాడు. పోరాటంలో ఉద్దేశాన్ని దాచాలి. సినిమాలో అదే ఉద్దేశం ఆఖరి వరస బెంచీదాకా చేరాలి. ఈ రెండూ ఎదురెదురు విద్యలని అతనికి తెలుసు. మనం మనసిచ్చింది రెండోదానికి.

పైగా తెరమీది ఫైట్ ఒక్కడి పని కాదు. మన సినిమావాళ్ల భాషలో ఈ సంగతి ఎప్పుడో తేలిపోయింది. తెలుగు సినిమా సెట్లో "ఫైటర్" అంటే ఫైట్ మాస్టర్ కింద పనిచేస్తూ, హీరో చెయ్యి తగలకముందే టైమింగ్ తప్పకుండా ఎగిరి పడే మనిషి. 2015లో రామ్ చరణ్ సినిమాకి 'బ్రూస్ లీ' అని పేరుపెట్టి కింద 'ది ఫైటర్' అని తగిలించారు. అందులో హీరో పని స్టార్‌కి డూప్‌గా దూకడం. ఆ అర్థంలో అయితే అసలు బ్రూస్ లీ సినిమాల్లో ఫైటర్లు వేరే ఉన్నారు. 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ', 'ఎంటర్ ది డ్రాగన్' స్టంట్ బృందాల్లో కుర్ర జాకీ చాన్ ఒకడు. కొట్టేవాడూ పడేవాడూ ఒకరి లయ ఒకరు వింటూ చేసే పనిని పోరాటం అనరు. యుగళ నటన అంటారు.

"సరే, నటుడే అనుకుందాం, మంచి నటుడా?" 'ది బిగ్ బాస్' (1971) మళ్లీ చూడండి. తగాదాలకు పోనని మాటిచ్చి, అమ్మ ఇచ్చిన లాకెట్ మెడలో వేసుకుని వచ్చిన పల్లెటూరి కుర్రాడు. సినిమా దాదాపు సగం అయ్యేదాకా ఆ మాటకి కట్టుబడి చేతులు బిగపట్టుకునే ఉంటాడు. లాకెట్ తెగాక గానీ విజృంభించడు. అంతసేపు మనల్ని కుర్చీలో కూర్చోబెట్టింది అతని దెబ్బలు కావు, ఆపుకోవడం. 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ'లో గురువు శవపేటిక మీద పడి ఏడ్చే శిష్యుడు, రిక్షా లాగేవాడు, ముసలి పేపర్లమ్మి, కళ్లజోడు పెట్టుకుని ఇకిలించే టెలిఫోన్ రిపేరువాడు, అన్నీ అతనే. తనే రాసి డైరెక్ట్ చేసిన 'ది వే ఆఫ్ ది డ్రాగన్' (1972) మొదట్లో మెనూ అర్థంకాక వరసగా సూపులు తెప్పించుకుని, గిన్నెల మధ్య బిక్కమొహం వేస్తాడు. ఇది కామెడీ తెలిసిన మనిషి పని.

మన నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా చెప్పి, ఆంగికాన్ని ముందు పెట్టింది. మన సమీక్షలు మాత్రం మొహానికీ డైలాగుకీ మార్కులేసి, "ఫైట్స్ బావున్నాయి" అన్న ముక్కని కెమెరా, ఎడిటింగ్‌ల పక్కన టెక్నికల్ పేరాలో పడేస్తాయి. హాంకాంగ్ సినిమాల్లో లీ పాత్రలు మాట్లాడిన మాండరిన్ వేరేవాళ్ల గొంతు. అంటే వాచికం అరువుది. అయినా ప్రపంచం అతన్ని అర్థం చేసుకుంది. ఏ అభినయంతో అర్థం చేసుకుందో వేరే చెప్పాలా?

"ఏ పేరైతే ఏంటి, గొప్పోడేగా" అని వదిలెయ్యలేను. ఎందుకంటే "ఫైటర్" అన్నది హాలీవుడ్ అతనికి గీసిన గీత. కాటోగా ముసుగేసి కారు నడిపించింది, తన్నించింది, మాటలు పొదుపుగా ఇచ్చింది. 1972లో 'కుంగ్ ఫూ' సీరియల్ వచ్చినప్పుడు చైనా మూలాలున్న నాయకుడి పాత్రకి లీ పేరు పరిశీలనకొచ్చింది. దక్కింది డేవిడ్ కారడైన్‌కి. కారడైన్‌కి అప్పటికి కుంగ్ ఫూ రాదు. నటించగలడు కదా అనుకున్నారు. కొట్టడం వచ్చినవాడికి నటన రాదనీ, నటన వచ్చిన తెల్లవాడు కొట్టడం నటించగలడనీ లెక్క. మార్లన్ బ్రాండోని "నిజంగా మాఫియా నడపగలవా?" అని ఎవరూ అడగలేదు. ఆసియా శరీరం చేసింది మాత్రం కళ కాకూడదు, నిజం అయ్యుండాలి. అభిమానంతోనే కావచ్చు, "ఆయన నటించలేదు" అన్న ప్రతిసారీ మనం ఆ లెక్కకే సంతకం పెడుతున్నాం.

ఈసారి కలోసియం ఫైట్ చూసినప్పుడు ఎవరు గొప్ప అని లెక్కపెట్టకండి. చక్ నోరిస్ నిజమైన కరాటే ఛాంపియన్. అతని కాలూ చెయ్యీ విరిగాయి. అయినా లేచి నిలబడ్డాడు. అప్పుడు బ్రూస్ లీ వద్దని తల కొద్దిగా అడ్డంగా ఊపుతాడు. నోరిస్ వినడు. చంపాక లీ అతని చొక్కా, బెల్టు తెచ్చి శవం మీద కప్పి, పక్కన మోకరిల్లుతాడు. దెబ్బలన్నీ మర్చిపోయినా ఆ తల ఊపడం గుర్తుంటుంది. దాన్ని ఏ కరాటే స్కూల్లోనూ నేర్పరు.