విడిపోని లెక్క కూడా ఇవ్వాలి



ఎనిమిదో తరగతిలో కారణాంక విభజన చెప్పేటప్పుడు, నోరు విప్పకుండానే పిల్లలకు ఒక అబద్ధం నేర్పుతున్నాం. ఇచ్చిన ప్రతి సమాసమూ విడిపోయి తీరుతుందన్నదే అది. నేను దిద్దే పేపర్లలో గానీ, పిల్లలు తెచ్చుకునే గైడ్లలో గానీ విడిపోని లెక్క నాకు దాదాపుగా కనిపించదు. ఇక పిల్లవాడికి ఆలోచించే పనేముంది? ఎలాగోలా విడగొట్టేస్తాడు.

ఎక్స్² + 9 ఇచ్చి చూడండి. ఎక్స్² − 9ని చక్కగా విడదీసిన చేత్తోనే దీన్ని (ఎక్స్ + 3)(ఎక్స్ + 3) అని రాసేస్తారు. ఎక్స్ బదులు 1 పెడితే ఎడమ పక్క 10, కుడి పక్క 16. అర నిమిషం పని. కానీ జవాబు ఉండే తీరుతుందని ముందే తెలిసినవాడు సరిచూసుకోడు.

మధ్యపదం విడదీసే లెక్కల్లోనూ ఇదే తంతు. ఎక్స్² + 5ఎక్స్ + 6లో లబ్ధం 6, మొత్తం 5 కావాలి. 2, 3 దొరికాయి. సరే, ఆ 5 తీసి 4 పెట్టండి. 6 లబ్ధంగా వచ్చే జతలు (1, 6), (2, 3). మొత్తాలు 7, 5. రెండూ రుణ సంఖ్యలైతే మొత్తమూ రుణమే. 4 ఎక్కడా రాదు, కాబట్టి పూర్ణసంఖ్యలతో ఇది విడిపోదు. అక్కడ 1 నుంచి 10 దాకా ఏ సంఖ్య పెట్టినా పనికొచ్చేవి 5, 7 మాత్రమే. ఈ పట్టిక పిల్లలే వేసుకుంటే 'లబ్ధం ఇంత, మొత్తం ఇంత' అని వల్లె వేయించాల్సిన అవసరం నాకు కనిపించదు.

నిజానికి ఇది వాళ్లకు కొత్త కాదు. ఆరో తరగతిలో 13కు 1, 13 తప్ప వేరే కారణాంకాలు లేవని రాసిన పిల్లకు మార్కులు వేశాం. రెండేళ్లు తిరిగి, అంకెల పక్కన అక్షరం చేరేసరికి 'లేవు' అనే జవాబు ఎటు పోయిందో!

పిల్లలు తికమకపడతారని, సిలబస్ సాగదని తోటి ఉపాధ్యాయులు అంటారు. సిలబస్ మాట ఒప్పుకుంటాను. తికమక మాత్రం ఇప్పుడు తప్పించినా పదో తరగతి వర్గ సమీకరణాల దగ్గర ఎదురవక మానదు. అక్కడ బి² − 4ఏసీ అనే విచక్షణి ఊడిపడుతుంది. పైన 4 పెట్టిన సమాసానికి దాని విలువ −8. విడిపోని లెక్కతో ముందే కుస్తీ పట్టిన పిల్లలకైతే ఈ సూత్రం దేనికో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి నా విన్నపం: యూనిట్ పరీక్షలో అయిదు కారణాంకాల లెక్కలిస్తే ఒకటి విడిపోనిది పెట్టండి. జతలన్నీ రాసి, ఎందుకు కుదరదో చూపినవారికి పూర్తి మార్కులు వేయండి. ఊరికే 'విడిపోదు' అని రాసి ఊరుకున్నవాడికి సున్నా.

— ఒక గణిత ఉపాధ్యాయుడు, తెనాలి