మూడో గ్లాసు ఎవరి కోసం?

హోటల్లో మనకు వేరే గ్లాసు పెడితే ఏం చేసినం? పగలగొట్టినం. చూరు కింద దోపిన గ్లాసు మనమే తీసి, మనమే కడుక్కుని, దూరంగా నిలబడి చాయ తాగిన రోజులు మన తాతలకు తెలుసు, నాయనలకు తెలుసు. ఆ అవమానం మీద లేచిందే మన ఉద్యమం.

మరి ఇప్పుడు మన వాడ సంగతి చెప్తాను. కోపం తెచ్చుకోకుండా వినండి.

లారీ మీద పోయే మొగుడు చచ్చిపోయాడు. పెళ్లానికీ హెచ్‌ఐవీ ఉందని ఆసుపత్రిలోంచే ఊళ్లోకి పొక్కింది. మర్నాటి నుంచి అత్తగారింట్లో ఆమె గిన్నె వేరు, గ్లాసు వేరు, చాప వేరు. బోరింగు కాడికి వస్తే ఆమె బిందె నిండి పోయేదాకా మిగతా ఆడోళ్లు దూరంగా నిలబడ్డారు. ఇది జరిగింది దొర గడీలో కాదు, మన వాడలో, బాబాసాహెబ్ విగ్రహానికి పది అడుగుల దూరంలో.

ఇంకో ఇంట్లో పదహారేళ్ల పిల్లాడు ఆడపిల్లలా నడుస్తున్నాడని తండ్రి చెట్టుకు కట్టేసి కొట్టాడు. ఆ బిడ్డ రాత్రికి రాత్రే హైదరాబాద్ బస్సెక్కింది. ఇవాళ సిగ్నల్ దగ్గర చప్పట్లు కొట్టి బతుకుతోంది. సభకు చందా అడిగితే ఇస్తది. వేదిక మీదికి మాత్రం మనం పిలవం.

అంటే రెండు గ్లాసులు పగలగొట్టి, మూడో గ్లాసు మనమే పెట్టుకున్నం. ఈ గ్లాసు ఎవరి చూరు కింద ఉంది?

"ఇది మన సమస్య కాదన్నా, పట్నపోళ్ల సమస్య. ముందు భూమి, కూలి సంగతి చూద్దాం" అనే కార్యకర్తలున్నారు. వాళ్లకు చరిత్ర నుంచే జవాబు చెప్పాలి. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం చేశారు. అందులో రెండు భాగాలు. ఒక భాగం పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన జాతుల మీద, రెండో భాగం హిజ్రాల మీద. మన తెలుగు నేల మీద ఎరుకలోళ్లకు ఆ ముద్ర వేసి స్టువర్టుపురంలో కాపలా పెట్టిన బుద్ధీ, హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించిన బుద్ధీ ఒకటే. పుట్టుకను బట్టి, ఒంటిని బట్టి మనిషిని నేరస్థుడిగా లెక్క కట్టడమే కదా కులం చేసే పని!

నిజాం ప్రభుత్వం కూడా 1919లో అదే దారి పట్టింది. హిజ్రాల పేర్లతో రిజిస్టర్ పెట్టాలి. చీర కట్టి, నగ పెట్టి వీధిలో కనబడినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయాడు, రాజ్యాంగం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, తెలంగాణ విడిపోయింది. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ చట్టం పుస్తకంలో అట్లే ఉంది. దాన్ని తీసేయాలని ఏ పార్టీకి తోచలేదు. 2018లో వైజయంతి వసంత మొగ్లి వంటి ట్రాన్స్‌జెండర్ కార్యకర్తలే హైకోర్టుకెక్కారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. ఆసరా పింఛను వాళ్లకూ ఇవ్వాలని చెప్పింది. వాళ్లు కోర్టులో చూపించింది ఏ ఆయుధం? బాబాసాహెబ్ రాసిన 14వ, 21వ అధికరణాలే! ఆయన రాసింది వాళ్లకు పనికొచ్చింది. ఆయన పేరు చెప్పుకునే మనం మాత్రం పక్కన లేము.

ఇప్పుడు హెచ్‌ఐవీ సంగతి. ఒకప్పుడు గోడల మీద ఎయిడ్స్ అంటే చావే అని రాసి జనాన్ని హడలగొట్టారు. ఆ భయం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. సత్యమేంటి? ముట్టుకుంటే రాదు. కలిసి తింటే రాదు. దోమ కుడితే రాదు. నిరోధ్ లేని సంభోగం వల్ల, పరీక్ష చేయని రక్తం వల్ల, ఒకరికి వాడిన సూది వల్ల, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. 2004 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితం. రోజూ మందు వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గి అట్లే ఉంటే, సంభోగం ద్వారా ఇంకొకరికి సోకదు. ఇంకెందుకయ్యా వేరే గ్లాసు?

చట్టం కూడా ఉంది. 2017లో చేసిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఒప్పుకోకుండా పరీక్ష చేయొద్దు. రోగం సంగతి బయట పెట్టొద్దు. వైద్యం, పని, బడి, అద్దె ఇల్లు కాదనొద్దు. ఉన్న ఇంట్లోంచి గెంటొద్దు. నిరోధ్‌లు పంచడం నేరం కాదు. ఫిర్యాదు వినడానికి ప్రతి రాష్ట్రమూ అంబుడ్స్‌మన్‌ను పెట్టాలి. ముప్పై రోజుల్లో, ప్రాణం మీదికొస్తే వీలైనంత వరకు 24 గంటల్లోనే ఉత్తర్వు ఇవ్వాలి. మీ మండలంలో ఈ మాట ఎవరైనా చెప్పారా? ఆ లారీ డ్రైవర్ భార్యకు చెప్పారా? జోగిని పేరుతో దళిత ఆడపిల్లను ఊరికి వదిలేసిన దురాచారాన్ని 1988లో చట్టంతో ఆపుతామన్నారు. కాగితం మీద చట్టం ఊరి పొలిమేర దాటి ఎంత లోపలికి వస్తుందో మనకు చెప్పాలా?

ఇంకా పెద్ద మాట ఒకటుంది. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ట్రాన్స్‌జెండర్లను వెనకబడిన తరగతులుగా చూసి రిజర్వేషన్ ఇవ్వాలంది. వినడానికి బాగుంది. కానీ మాదిగ ఇంట్లో పుట్టిన హిజ్రా ఏం కావాలి? ఎస్సీ అని రాసుకుంటే హిజ్రా కాదు, హిజ్రా అని రాసుకుంటే మాదిగ కాదా? రెండు దెబ్బలు తిన్న మనిషిని ఒక గాయమే చూపించమంటారా? ఆడవాళ్ల కోటా ప్రతి కులం కోటాలోనూ ఉన్నట్టే, వీళ్లకూ ప్రతి కోటాలో వాటా ఉండాలి. కర్ణాటక 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో అట్లా ఒక శాతం ఇచ్చింది. పక్క రాష్ట్రానికి సాధ్యమైంది మన దగ్గర ఎందుకు సాధ్యం కాదు? 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పనికి 39 మందిని తీసుకున్నారు. మంచిదే. కానీ దయతో ఇచ్చే ముప్పై తొమ్మిది కొలువులు వేరు, హక్కుగా వచ్చే వాటా వేరు. ఈ తేడా మనకంటే ఎవరికి బాగా తెలుసు?

కాబట్టి అన్నలారా, అక్కలారా! రాష్ట్రం ముందు పెట్టే డిమాండ్ల కాగితంలో వీటిని చేర్చండి: ప్రతి కోటాలో ట్రాన్స్‌జెండర్ల వాటా, అర్హులందరికీ పింఛను, ఫిర్యాదు వినే అంబుడ్స్‌మన్ పేరూ చిరునామా ప్రతి ఆసుపత్రి గోడ మీద.

కానీ కలెక్టర్ ఆఫీసుకు పోయే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. వచ్చే సంఘం మీటింగుకు ఆ వదినను పిలవండి. పట్నం పోయిన ఆ బిడ్డను పిలవండి. పక్కన కూర్చోబెట్టి అదే కెటిల్లోంచి, అవే గ్లాసుల్లో చాయ పోయండి. అది చేయలేకపోతే కారంచేడు పేరు, చుండూరు పేరు ఎత్తే అర్హత మనకు లేదు.

మూడో గ్లాసూ పగలగొడదాం.

జై భీమ్!